ఐదు బస్తాల ఇప్పపువ్వు, రెండు సీళ్ళు

2008 ఫిబ్రవరిలో నన్ను యర్రగొండపాలెం అవతల, నల్లమల అంచునున్న ఒక సెక్షన్‌కు ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఊరి పేరు, రేంజి పేరు రాయడం లేదు. రాస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు సంజాయిషీ అడుగుతారని నా అనుమానం. ఉద్యోగకాలంలో నాకు వచ్చిన మెమోలన్నీ ఒక రేకుపెట్టెలో పట్టాయి. వాటికి నేను రాసిన జవాబులకు రెండు పెట్టెలు కావలసి వచ్చింది. దీన్నిబట్టి నేనెలాంటి ఉద్యోగినో పాఠకులు గ్రహించవచ్చు.

మా శాఖలో అన్నిటికంటే కింద ఉండేది బీట్. కొన్ని బీట్లు కలిస్తే ఒక సెక్షన్. దాని అధికారిని పాతవాళ్ళు ఫారెస్టరు అనేవారు. పైన రేంజ్ ఆఫీసరు, ఆయన పైన డివిజన్ ఆఫీసరు. అడవిలో పనిచేసేవాళ్ళందరికీ తుపాకులు ఉంటాయని చాలామంది అనుకుంటారు. నాకు ప్రభుత్వం ఇచ్చినవి ఒక లాఠీ, ఒక టార్చి, ఒక ఈల.

వీటితో పాటు ఒక క్వార్టర్ కూడా ఇచ్చారు. ముందు వరండా. వరండాలోంచి తలుపు తీస్తే ఆఫీసు గది. ఆఫీసు గదిలోంచి ఇంకో తలుపు తీస్తే మేం పడుకునే నడిమి గది. దాని వెనక వంటిల్లు, వంటింటికి పెరటి తలుపు. అంటే మూడు గదులూ రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఆఫీసు గది తలుపులు రెండూ పాతకాలపు టేకు తలుపులు, ఏనుగు తోసినా కదలవు. పెరటి తలుపుకు మాత్రం కింది రెండు పలకలు చెదలు తినేసి ఉన్నాయి. కుక్క దూరేంత సందు.

చేరిన మూడోనాడే దానిమీద అర్జీ పెట్టాను. ఏప్రిల్ నాటికి ఏడు అర్జీలయ్యాయి. మా ఊరి వడ్రంగి కాసింబాబు సగంపూట పనేనని, మేకులూ పలకలూ తనే తెస్తానని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తలుపు ప్రభుత్వానిది. నేను బాగుచేయిస్తే నా ఏడు అర్జీలూ అబద్ధాలైపోతాయి.

"అర్జీ తలుపుకు అడ్డం పెట్టుకుంటావా ఏంది?" అని నా భార్య సుగుణమ్మ అడిగింది.

ఆఫీసు వ్యవహారాలు నీకు తెలియవని చెప్పాను. అప్పుడు మా ఇంట్లో నేను, సుగుణమ్మ, పదేళ్ళ మా అమ్మాయి రూతు, గిద్దలూరు దగ్గర పల్లెనుంచి వేసవికి వచ్చిన మా అత్త మరియమ్మ ఉన్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇప్పచెట్టు వేసవి మొదట్లో పూస్తుంది. తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. అడవిని నమ్ముకున్న చెంచులు ఏరుకొని తింటారు, ఎండబెట్టి దాచుకుంటారు. అది వాళ్ళ హక్కు. అనుమతి కాగితం లేకుండా బస్తాలకెత్తి సారా బట్టీలకు తోలే వ్యాపారులమీద మాత్రం మేం కేసు పెడతాం. పట్టుకున్న చోటే ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా రాసి, ప్రాథమిక నేర నివేదిక తయారుచేసి, జప్తు చేసిన సొత్తును తూకం వేసి రేంజి ఆఫీసులో అప్పగించాలి.

మార్చి నెలాఖరులో అట్లా ఒక ఆటో పట్టుకున్నాను. పువ్వు తొంభై ఆరు కిలోలు తూగింది. రేంజి జీపు ఖాళీ అయి వచ్చి తీసుకుపోయేసరికి ఎనిమిది రోజులు పట్టింది. అక్కడ తూస్తే ఎనభై ఐదు. నెలవారీ సమావేశంలో, మిగతా సెక్షన్ల వాళ్ళంతా కూర్చుని ఉండగా, రేంజర్ నన్ను లేచి నిలబడమన్నాడు.

"పదకొండు కిలోలు ఏమైనాయయ్యా? ఇంట్లో ఏమన్నా బట్టీ పెట్టినావా?"

అందరూ నవ్వారు. మా అత్త ఆదివారం ఆరాధన తప్పని మనిషి. దగ్గు మందులో కూడా సారా కలుస్తుందని అనుమానించి పక్కన పెట్టే మనిషి. అట్లాంటి ఇంటిని పట్టుకొని ఆ మాట. పచ్చి పువ్వు ఎండితే తూకం తగ్గుతుందని మూడు పేజీల వివరణ రాసిచ్చాను. దాని అంచున ఆయన 'చూచితిని' అని ఎర్రసిరాతో రాసి పంపాడు. ఆ కాగితం కూడా రేకుపెట్టెలో ఉంది.

ఏప్రిల్ మధ్యలో మళ్ళీ ఐదు బస్తాలు దొరికాయి. సాక్షుల ఎదుట తూస్తే రెండు వందల పది కిలోలు. రేంజి ఆఫీసుకు కబురు పెడితే, గది ఖాళీ లేదు, నీ దగ్గరే ఉంచుకో అన్నారు. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. బస్తాలు ఆఫీసు గదిలో కిటికీ కింద పేర్పించాను. వరండా వైపు తలుపుకు తాళం వేసి, దారం చుట్టి, లక్క కరిగించి, ఇత్తడి ముద్ర గుద్దాను. అంతటితో ఆగలేదు. నడిమి గదిలోకి ఉన్న తలుపుకు కూడా ఆఫీసు గది లోపలి వైపునుంచి గడియ పెట్టి ముందుగానే సీలు వేశాను. రేపు మా ఇంట్లోవాళ్ళు అటునుంచి పోయి పువ్వు తీసుకున్నారని ఏ రేంజరూ అనలేడు. రెండు సీళ్ళకూ ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నాను.

ఆ రోజునుంచి మా ఇంటికి పెరటి తలుపు ఒక్కటే దారి అయింది. బల్ల, రికార్డులు వరండాలోకి చేరాయి. నడిమి గది కిటికీకి ఇనుప కమ్ములు. ఈ ఏర్పాటు మొత్తం చూసుకొని నేను తృప్తిపడ్డాను. నా సంసారాన్ని ఏ నింద దూరని కోటలో పెట్టినట్లు అనిపించింది.

మిగిలింది తూకం. పువ్వు ఎండితే మళ్ళీ తగ్గుతుంది కదా. సీలు తీయకూడదు. కిటికీకి మాత్రం సీలు లేదు. కమ్ముల సందులోంచి చెయ్యి పెడితే బస్తాలు అందుతాయి. కాబట్టి పొద్దున రెండు చెంబులు, సాయంత్రం రెండు చెంబులు నీళ్ళు చల్లడం మొదలుపెట్టాను. లోపలికి పోయి తూచే వీలు లేదు కనుక అంచనామీద పోశాను. తక్కువైతే ప్రమాదం అనిపించి మూడో చెంబు కూడా పోసిన రోజులున్నాయి.

తడిసిన ఇప్పపువ్వు వేసవి ఎండకు ఏమవుతుందో సారా కాసేవాళ్ళందరికీ తెలుసు. ఎన్నో సారా కేసుల్లో సాక్ష్యం చెప్పిన నాకూ తెలుసు. అయినా అది నా పువ్వుకు వర్తించదని ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఐదో రోజుకు ఇల్లంతా పులిసిన వాసన. మా అత్త ప్రార్థన చేసుకోవడానికి దుప్పటి తీసుకొని వేపచెట్టు కిందికి పోయింది.

"సారా అంగట్లో కూచోని స్తోత్రం చెప్పమంటావా నాయనా?" అని నన్నే అడిగింది.

మా ప్రొటెక్షన్ వాచర్ అంకన్న చెంచు. వాచర్ అంటే బీట్లలో మాతో తిరిగే కాపలా మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. అడవి గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆయన చెప్పిందే. మిగతా సగం ఆయన చెబితే నేను విననిది. ఏడో రోజు పొద్దున వరండా దగ్గర వంగి నేల చూస్తున్నాడు.

"గుడ్డెలుగు వచ్చిపోయింది సారూ. ఇదో, ఇక్కడ నిలబడింది. తలుపు గీకి చూసింది. టేకు గదా, కుదరలా. పోయింది."

తలుపుమీద నాలుగు పొడుగాటి గీతలున్నాయి. సీలు చెక్కుచెదరలేదు. ముందు అదే చూశాను.

"మళ్ళ వస్తాది సారూ. అడివిల చెట్టు కింద గూడ ఇంత వాసన రాదు. ఈ బస్తాలు అవతల పారేయండి, లేదంటే ఆ ఎనక తలుపన్న కట్టించండి."

"జప్తు సొత్తు ఎట్ల పారేస్తా అంకన్నా? తలుపు సంగతి పైన పెండింగులో ఉంది."

"పైన అంటే యాడ? గుడ్డెలుగుకు తెల్సా ఆ సంగతి?"

 టేపు తెచ్చి పాదముద్రల కొలతలు తీసుకొని, గోళ్ళ గీతల పొడవు రాసుకొని, ఎనిమిదో అర్జీ తయారుచేశాను. నిజం చెప్పాలంటే నాకు కొంత సంతోషం కూడా కలిగింది. ఏడు అర్జీలకు లేని ఆధారం ఎనిమిదోదానికి దొరికింది.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు నేను వరండాలో కిటికీ ముందు నిలబడి రెండో చెంబు పోస్తున్నాను. ఇంటి వెనక పలకలు విరిగిన చప్పుడు, ఆ వెంటనే సుగుణమ్మ కేక వినిపించాయి. చెంబు పారేసి పెరట్లోకి పరుగెత్తాను. తలుపు కింది సగం లేదు. ఆ సందులో నల్లటి వెనకభాగం కనిపించి లోపలికి మాయమైంది. సుగుణమ్మ టీ గిన్నె వదిలేసి నడిమి గదిలోకి దూకి లోపల గడియ పెట్టుకుంది. రూతు, మా అత్త అప్పటికే ఆ గదిలో ఉన్నారు, పడుకొని.

ఎలుగు వంటింట్లో ఉంది. దానికి కావలసిన పువ్వు ఆఫీసు గదిలో ఉంది. ఈ రెంటికీ మధ్య నా సంసారం ఉంది. నడిమి గదికీ వంటింటికీ మధ్య ఉన్నది పలచటి చెక్క తలుపు, చిటికెన వేలంత గడియ.

నేను ఈల ఊదాను. శాఖ ఇచ్చిన ఈల. ఎలుగు వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది. మా రేంజర్ నా వివరణ చదివినప్పుడు కూడా అట్లాగే చూసి ఉంటాడు. మళ్ళీ అటు తిరిగి తలుపు గీకడం మొదలుపెట్టింది.

వరండాలోకి తిరిగి పరుగెత్తాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. తాళం పట్టుకున్నాను. దారంమీద ఎర్రటి లక్క, దానిమీద నా ముద్ర. ఇక్కడ జరిగినదాన్ని దాచకుండా రాయాలి. నా చెయ్యి ఆగింది. సాక్షులు లేకుండా సీలు పగలగొడితే సొత్తు చెల్లదు, కేసు పోతుంది, మళ్ళీ నన్ను నిలబెట్టి అడుగుతారు. అప్పుడే అంకన్న డ్యూటీకి వస్తూ గేటు దగ్గర కనిపించాడు.

"అంకన్నా, బిర్రున రా! నువ్వొక సాక్షివి. ఇంకొకణ్ణి పిలువు!"

అంకన్న నావైపు చూసిన చూపు వర్ణించను. ఈలోగా సుగుణమ్మ నడిమి గది కిటికీ కమ్ములు పట్టుకొని అరిచింది.

"సాక్షులు కావాల్నా నీకు? నేనొకదాన్ని, మా అమ్మ ఒకతె! పగలగొట్టు!"

నేను ఆగింది ఎంతసేపని తర్వాత చాలాసార్లు చర్చకు వచ్చింది. నా లెక్కలో నాలుగైదు క్షణాలు. సుగుణమ్మ లెక్కలో రూతు రెండుసార్లు 'నాయనా' అని పిలిచేంతసేపు. ఆ పిలుపు నాకు వినిపించలేదు. వినిపించలేదన్న సంగతే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

లక్క పగిలింది. తాళం తీసి, బస్తాల పక్కనుంచి పోయి, రెండో సీలు పీకి, గడియ లాగాను. ముందు రూతు, తర్వాత సుగుణమ్మ, చివర మా అత్త బయటికి వచ్చారు. అత్త చేతిలో బైబిలు, చంకలో దుప్పటి ఉన్నాయి. వాళ్ళు వరండా మెట్లు దిగుతుండగా లోపల చిన్న గడియ ఊడిన చప్పుడయింది. నేను టేకు తలుపు మళ్ళీ మూయబోయాను. అంకన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"మూయబాకండి. అది పోయేదానికి దారి ఉండాల. తినేసి దాని దారిన అది పోతాది. మనం దూరంగ ఉండాల, అంతే."

అందరం రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాం. ఊరు వచ్చింది. రాళ్ళు తీసినవాళ్ళను, డప్పు తెస్తామన్నవాళ్ళను అంకన్న వారించాడు. ఎలుగు ఆఫీసు గదిలో కూర్చొని ఒక బస్తా చించి, రెండు గంటలపాటు నిదానంగా మేసింది. ఆ గదిలో అంత ప్రశాంతంగా కూర్చొని పనిచేసుకున్నవాణ్ణి అంతకుముందు చూడలేదు. తర్వాత ముందు తలుపులోంచి వచ్చి, వరండాలో నా బల్ల పక్కగా దిగి, కొంచెం ఊగుతూ అడవివైపు పోయింది.

మా అత్త అప్పుడు నోరు విప్పింది.

"ఈ వాసనకు దయ్యం వస్తాదనుకుంటి. ఏదో, ఎలుగుతో పోయింది."

సిగ్నలు కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కి రేంజి ఆఫీసుకు ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి రేంజర్ బీట్ ఆఫీసరును వెంటబెట్టుకొని జీపులో వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూశాడు. మనుషులకు దెబ్బలేమీ తగల్లేదు కదా అని ముందు అడిగాడు. ఈ ఒక్క మాట ఆయన పక్షాన రాయాలి. తర్వాత పంచనామా. సొత్తులో కొంత వన్యమృగం తిన్నదని, మిగిలినదాన్ని తూచి రాయాలని అన్నాడు. కింద చిందినదాన్ని కూడా ఎత్తి, కాటా తెప్పించి, ఐదు బస్తాలూ తూశాం. బీట్ ఆఫీసరు పైకి చదివాడు. రెండు వందల పధ్నాలుగు కిలోలు.

రేంజర్ రిజిస్టరు చూశాడు. మళ్ళీ తూయించాడు. మళ్ళీ అంతే.

"పట్టుకున్నప్పుడు రెండు వందల పది. రెండు గంటలు మేసిపోయినాక రెండు వందల పధ్నాలుగు. ఏందయ్యా ఇది? ఎలుగు తినేదానికి వచ్చిందా, కలిపేదానికి వచ్చిందా?"

 ఆ ఉద్యోగంలో నేను జవాబు లేకుండా నిలబడిన సందర్భం అదొక్కటే. పక్కనే నిలబడి ఉన్న మా అత్త, అల్లుడిమీద నింద పడుతుందేమోనని ముందుకు వచ్చింది.

"అయ్యా, మా అల్లుడు ఏమీ తీయలా, దేవుని తోడు. పాపం, పొద్దున సాయంత్రం మొక్కలకు పోసినట్ల నీళ్ళు పోసి సాకినాడు."

రేంజర్ వరండా స్తంభం పట్టుకొని నవ్వాడు. బీట్ ఆఫీసరు నవ్వాడు. డ్రైవరు నవ్వాడు. అంకన్న మాత్రం మర్యాదగా అటు తిరిగి నవ్వాడు. నవ్వడం అయ్యాక రేంజర్, "అయితే మొన్న ఆ పదకొండు కిలోలు ఎండిపోయి తగ్గినాయా?" అన్నాడు. మూడు పేజీల్లో నేను రాసింది అదేనని మనవి చేశాను. ఆయన తల ఊపాడు. క్షమించమని అనలేదు. ఈసారి మెమో కూడా ఇవ్వలేదు. మెమో ఇచ్చి ఉంటే జవాబు రాసేవాణ్ణి. నవ్వుకు జవాబు రాసే ఫారం మా శాఖలో లేదు.

సాక్షులుగా అంకన్న, మా అత్త వేలిముద్రలు వేశారు. ఆ సాయంత్రం సుగుణమ్మ సంచి సర్దుకుంది.

"తలుపు నీదయినప్పుడు కబురు చెయ్యి. గవర్నమెంటుదయినన్నాళ్ళు మేం రాము," అంది.

ముగ్గురూ గిద్దలూరు బస్సెక్కారు. రూతు కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. మర్నాడు పొద్దున కాసింబాబును పిలిచాను. సగంపూట అన్నాడు, రెండు గంటల్లోనే అయిపోయింది. మిగిలిన పాత పలకలు పీకినప్పుడు సందులో నా మూడో అర్జీ నకలు దొరికింది. చలిగాలి రాకుండా సుగుణమ్మ ఎప్పుడో మడిచి దోపి ఉంటుంది. అడిగినట్లే అర్జీ తలుపుకు అడ్డం పెట్టింది. తలుపు బాగైందని ఆ రోజే కబురు చేశాను. వాళ్ళు పదహారు రోజుల తర్వాత వచ్చారు. సుగుణమ్మ మొదట ఆ పెరటి తలుపును కాలితో తన్ని చూసి, ఆ తర్వాత లోపలికి వచ్చింది.

నా అర్జీలమీద మంజూరు ఉత్తర్వు రెండేళ్ళ తర్వాత వచ్చింది. అప్పటికి నేను మార్కాపురం బదిలీ అయి వచ్చేశాను. నా తర్వాత వచ్చిన ఆఫీసరు ఆ ఉత్తర్వు చూసి, గట్టిగా ఉన్న కాసింబాబు తలుపును తీయించి కొత్తది పెట్టించాడని విన్నాను. దానిమీద నేను అర్జీ పెట్టలేదు. పెట్టాలని అనిపించలేదని మాత్రం చెప్పను.

ఇంటిమీదికి వచ్చేవాళ్ళనుంచి సంసారాన్ని ఎట్లా కాపాడుకోవాలని కుర్ర ఉద్యోగులు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, అడవి మనిషిని కదా అని. నేను చెప్పేవి రెండే. మనుషులు పడుకునే గదికి అవతలివైపునుంచి గడియ పెట్టకూడదు, ఏ కారణం మీదైనా సరే. విరిగిన తలుపును ముందు బాగుచేయించుకొని, అది ఎవరు బాగుచేయించాలన్న తగాదా తర్వాత పెట్టుకోవాలి. ఆ ఎలుగు మా ఇంటికి దారి తెలిసి రాలేదు. పిలిచింది నేను, దారి ఉంచింది నేను, నా వాళ్ళు బయటికి రాకుండా ముద్ర వేసింది నేను. ఇవన్నీ ఒప్పుకుంటున్నాను. ఆ పదకొండు కిలోలు మాత్రం ఎండిపోయినవే.